గట్టు మీది మట్టి మడిలోదే: బూటీస్ వాయిడ్‌లో గెలాక్సీలు ఏమయ్యాయి?

మీరు చూసిన వీడియో సారాంశం ఇదీ: బూటీస్ అనే నక్షత్ర మండలం వైపు 33 కోట్ల కాంతి సంవత్సరాల వెడల్పున విశ్వానికి ‘రంధ్రం’ పడింది, అందులో ఏమీ లేదు, ఉన్న గెలాక్సీలను ఏదో మింగేసింది. మీరు అడిగినవి మూడు. అది నిజమేనా? అక్కడి గెలాక్సీలు ఏమయ్యాయి? గెలాక్సీల మధ్య ఉండే ఖాళీలో నిజంగానే ఏమీ ఉండదా?

ముందు పొట్టి జవాబు. ఆ ఖాళీ నిజం, దాని పేరే బూటీస్ వాయిడ్ (వాయిడ్ అంటే గెలాక్సీలు బాగా పలచబడ్డ పెద్ద ఖాళీ). వెడల్పు కూడా కాస్త అటూ ఇటూగా నిజమే. రంధ్రం అనడం తప్పు, ఏమీ లేదనడం తప్పు, మింగేసిందనడం మరీ తప్పు. ఇక వీడియోలో చూపించిన నల్లటి ఫోటో అసలు ఆ చోటుదే కాదు.

ఫోటోతోనే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ తప్పు నేనూ చేశాను. చుట్టూ కిక్కిరిసిన నక్షత్రాలు, మధ్యలో సిరా ఒలికినట్టు నల్లటి మచ్చ. దాని పేరు బర్నార్డ్ 68. మన గెలాక్సీ అయిన పాలపుంతలోనే, సుమారు 500 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న దుమ్ము, గ్యాస్ మేఘం. వెడల్పు అర కాంతి సంవత్సరం. వెనకున్న నక్షత్రాల వెలుగును ఆ దుమ్ము ఆపేస్తుంది కాబట్టి నల్లగా కనిపిస్తుంది. కంటికి కనపడని ఇన్‌ఫ్రారెడ్ కిరణాల్లో ఫోటో తీస్తే వెనకాల నక్షత్రాలు చక్కగా కనిపిస్తాయి.

కొన్నేళ్ల కిందట ఒక హైస్కూల్లో విశ్వం గురించి మాట్లాడమంటే వెళ్లాను. నెట్‌లో దొరికిన ఇదే ఫోటో స్లైడ్‌లో పెట్టి, కింద ‘బూటీస్ మహాశూన్యం’ అని రాసుకుని, గొంతు కాస్త గంభీరంగా పెట్టి చెబుతున్నాను. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి లేచింది. “సార్, అది కోట్ల కాంతి సంవత్సరాల అవతల ఉంది కదా. మరి దానికీ మనకీ మధ్యలో మన పాలపుంత నక్షత్రాలు కనపడాలి కదా, అవేవీ?” అంది. నాకు నోట మాట రాలేదు. ఇంటికెళ్లి వెతికితే తెలిసింది నేను ఏం చూపించానో. మర్నాడు ఆ స్కూలుకి ఫోన్ చేసి ఆ అమ్మాయి చెప్పిందే రైటని క్లాసులో చెప్పమన్నాను.

ఆ ప్రశ్నలోనే అసలు సంగతంతా ఉంది. బూటీస్ వాయిడ్ వైపు నిజంగా ఫోటో తీస్తే అందులో మిగతా ఆకాశంలాగే ముందు మన నక్షత్రాలు, వాయిడ్‌కి ఇవతల ఉన్న గెలాక్సీలు, అవతల ఉన్న గెలాక్సీలు అన్నీ కలగాపులగంగా కనిపిస్తాయి. ఖాళీ మాత్రం కనపడదు. కావాలంటే మే నెలలో రాత్రి తొమ్మిదింటికి డాబా ఎక్కండి. సప్తర్షి మండలం తోక వంపు వెంట చూపు పోనిస్తే నారింజ రంగులో మెరిసే స్వాతి నక్షత్రం తగులుతుంది. స్వాతి నుంచి ఉత్తరానికి గాలిపటం ఆకారంలో ఉన్నదే బూటీస్ మండలం. ఆ గాలిపటం పైకొనకు కొంచెం అవతలి వైపున, 70 కోట్ల కాంతి సంవత్సరాల లోతులో ఉంది మీరడిగిన ఖాళీ. అక్కడ మీకు కనిపించేది మామూలు ఆకాశమే.

మరి కనపడని ఖాళీ ఎలా దొరికింది? లోతు కొలవడం వల్ల. గెలాక్సీ వెలుగును రంగులుగా విడగొడితే అందులో కొన్ని నల్లగీతలు ఉంటాయి. కాల్షియం గీత ఒకటి మన ల్యాబ్‌లో 393 నానోమీటర్ల దగ్గర పడుతుంది. అదే గీత ఒక గెలాక్సీలో 413 దగ్గర పడితే, వెలుగు దారిలో 5 శాతం సాగిందన్నమాట. అంటే ఆ గెలాక్సీ సెకనుకు దాదాపు 15,000 కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరం జరుగుతోంది. విశ్వం వ్యాకోచించే లెక్కలో ఆ వేగం నుంచి దూరం తేలుతుంది: సుమారు 70 కోట్ల కాంతి సంవత్సరాలు. వెలుగు ఇలా సాగడాన్నే రెడ్‌షిఫ్ట్ అంటారు.

రాబర్ట్ కిర్ష్నర్, ఆగస్టస్ ఓమ్లర్, పాల్ షెక్టర్, స్టీఫెన్ షెక్ట్‌మన్ అనే నలుగురు ఖగోళ శాస్త్రవేత్తలు ఖాళీలను వెతకడానికి బయల్దేరలేదు. ఏ ప్రకాశం ఉన్న గెలాక్సీలు ఎన్నెన్ని ఉంటాయో సగటు తీద్దామని ఆకాశంలో అక్కడక్కడా చిన్న చిన్న ముక్కలు ఎంచుకుని రెడ్‌షిఫ్ట్‌లు కొలిచారు. ఉత్తరాన ఒకదానికొకటి ఎడంగా ఉన్న మూడు ముక్కల్లోనూ ఒకే విడ్డూరం. సెకనుకు 12,000 కిలోమీటర్ల వేగం దాకా గెలాక్సీలు ఉన్నాయి, 18,000 దాటాక మళ్లీ ఉన్నాయి, మధ్యలో దాదాపు ఏమీ లేవు. మూడు చోట్లా అదే వేగాల దగ్గర ఖాళీ ఉందంటే, మూడింటినీ కలిపే పెద్ద ఖాళీ ఒకటి ఉండాలి. 1981లో పేపర్ అచ్చు వేసినప్పుడు శీర్షిక చివర ప్రశ్నార్థకం పెట్టారు, అంత నమ్మశక్యంగా లేదు వాళ్లకే. తర్వాత ఆ ప్రాంతమంతా 283 చిన్న ముక్కలుగా చూసి, 1987లో ఖాయం చేశారు.

నిజానికి అంతకుముందే, 1970ల చివర్లో, ఎస్టోనియాలో యాన్ ఐనాస్టో బృందం, అమెరికాలో గ్రెగరీ, థామ్సన్ ఇలాంటి ఖాళీలను గమనించారు. కానీ అందరి కళ్లూ తెరిపించింది 1986లో వచ్చిన ఒక బొమ్మ. వలెరీ ద లాపరాన్, మార్గరెట్ గెల్లర్, జాన్ హుక్రా ఆకాశంలో ఒక పలచటి ముక్క తీసుకుని, అందులోని సుమారు 1100 గెలాక్సీలను దూరాల ప్రకారం చుక్కలుగా పెట్టారు. పుచ్చకాయ ముక్క ఆకారంలో ఉంటుంది ఆ బొమ్మ. చుక్కలు చల్లినట్టు ఉంటాయనుకుంటే, గీతలు గీసినట్టు వరసలు కట్టాయి. నడుమ కాళ్లూ చేతులూ చాపిన మనిషి బొమ్మ కూడా కనిపిస్తుంది. వరసల మధ్య గుండ్రటి ఖాళీలు. బూటీస్ ఒక్కటే వింత కాదని, విశ్వం అల్లికే అంతని అప్పుడు అర్థమైంది. 1989లో అదే సర్వేలో గెల్లర్, హుక్రా 50 కోట్ల కాంతి సంవత్సరాల పొడవున్న గెలాక్సీల గోడను చూపించారు. దాన్ని గ్రేట్ వాల్ అంటారు.

ఈ కొలతలు నోటికి తిరుగుతాయే కానీ మనసుకు ఎక్కవు. పది రూపాయల బిళ్ల తీసుకోండి. దాని వెడల్పు 27 మిల్లీమీటర్లు. అది మన పాలపుంత, అంటే లక్ష కాంతి సంవత్సరాలు అనుకుందాం. పొరుగున ఉన్న ఆండ్రోమెడా గెలాక్సీ 67 సెంటీమీటర్ల దూరంలో పెట్టిన ఇంకో బిళ్ల. రెండూ ఒకే టేబుల్ మీద పట్టేస్తాయి. ఈ రెండింటి మధ్య ఉన్న జాగాను చాలామంది వాయిడ్ అనుకుంటారు, కాదు. అది ఒకే ఇంట్లో రెండు మంచాల మధ్య ఎడం లాంటిది. ఇప్పుడు బూటీస్ వాయిడ్ ఎంతంటారా? 90 మీటర్లు. అడ్డంగానే కాదు, ఎత్తు కూడా అంతే, అంటే ముప్పై అంతస్తుల భవనం పట్టే బంతి. ఆ బంతి మొత్తంలో ఇప్పటిదాకా దొరికిన బిళ్లలు 60 చిల్లర. సగటున ఒక్కో బిళ్లకి పక్క బిళ్ల 18 మీటర్ల దూరం పడుతుంది. పక్కింటి వెలుగు కనపడని ఊరన్నమాట.

ఇక మింగేసిన సంగతి. బ్లాక్ హోల్ పదార్థాన్ని మింగొచ్చు కానీ దాని గురుత్వాన్ని మాయం చేయలేదు. వెయ్యి గెలాక్సీలను మింగితే వెయ్యి గెలాక్సీల బరువూ అక్కడే ఉంటుంది, చుట్టూ ఉన్న గెలాక్సీలు దానివైపు పడుతూ ఉండాలి. వాయిడ్ల అంచుల్లో కొలిస్తే సరిగ్గా తిరగబడి ఉంది, గెలాక్సీలు బయటికి జరుగుతున్నాయి. వాయిడ్ల వెనకున్న గెలాక్సీల వెలుగు ఎలా వంగి వస్తోందో చూసినా అక్కడ బరువు తక్కువనే తేలుతుంది. గ్రహాంతరవాసులు నక్షత్రాలన్నింటికీ కప్పులు వేసి వెలుగు దాచేశారన్న కథ కూడా ఇక్కడే చిక్కుపడుతుంది. కప్పు వేస్తే వెలుగు దాగుతుంది, బరువు దాగదు. పైగా ఆ కప్పులు వేడెక్కి ఇన్‌ఫ్రారెడ్‌లో వెలగాలి.

మరి గెలాక్సీలు ఏమయ్యాయి? ఎక్కువ భాగం అక్కడ పుట్టనే లేదు. ముడిసరుకు అంచులకు తరలిపోయింది. దీనికి నాకు తోచిన పోలిక వరి మడి. కొత్తగా మడి కట్టేటప్పుడు గట్టుకు మట్టి ఎక్కడినుంచి వస్తుంది? బండి మీద బయటినుంచి తేరు. మడిలోదే తవ్వి అంచుకు ఎత్తుతారు. గట్టు ఎంత లేస్తే మడి అంత పల్లమవుతుంది. విశ్వంలో గోడలు గట్లు, వాయిడ్లు మళ్లు, నాలుగు గట్లు కలిసే మూల దగ్గర ఎత్తుగా పేరుకున్న మట్టి గెలాక్సీల గుంపు. తేడా అల్లా ఇక్కడ పార పట్టింది గురుత్వం.

మొదట్లో నేల దాదాపు చదును. విశ్వానికి 3 లక్షల 80 వేల ఏళ్ల వయసున్నప్పటి వెలుగు ఇప్పటికీ మనకు అందుతోంది, దాని చిత్రాలను కోబే, డబ్ల్యూమ్యాప్, ప్లాంక్ ఉపగ్రహాలు తీశాయి. అందులో చోటుకీ చోటుకీ తేడా లక్షలో ఒక వంతు. అంత చిన్న ఎత్తుపల్లాలు చాలు. రవ్వంత ఎక్కువ పదార్థం ఉన్న చోటు చుట్టుపక్కల నుంచి ఇంకాస్త లాక్కుంటుంది, లాక్కున్నకొద్దీ దాని లాగుడు పెరుగుతుంది. రవ్వంత తక్కువ ఉన్న చోట, వ్యాకోచాన్ని వెనక్కి పట్టి ఉంచే బరువు తక్కువ కాబట్టి అది సగటు కన్నా వేగంగా ఉబ్బుతుంది, ఉబ్బినకొద్దీ ఇంకా పలచబడుతుంది. ఇందులో ఒక సొగసుంది. ముద్దకట్టే చోటు ముందు ఒక పక్క నుంచి అణిగి అప్పడంలా అవుతుంది, తర్వాత పోగులా, చివరికి ముద్దలా. ఖాళీ అయ్యే చోటు మాత్రం ఎలా మొదలైనా రానురాను గుండ్రంగా తేలుతుంది. చిన్న వాయిడ్ల మధ్య గోడలు పలచబడి అవి కలిసిపోయి పెద్దవవుతాయి. బూటీస్ కూడా అలా చిన్నవి కలిసి అయిందనే ఎక్కువమంది అభిప్రాయం. దాని నడుమ గెలాక్సీలు ఒక గొట్టంలా వరసకట్టి ఉండటం, ఒకప్పటి గోడ మిగులు అనుకోవడానికి వీలిస్తోంది.

ఈ కథలో డార్క్ మ్యాటర్, అంటే కనపడకుండా బరువు మాత్రం ఉన్న పదార్థం, లేకపోతే లెక్క కుదరదు. మామూలు పదార్థం మొదటి 3 లక్షల 80 వేల ఏళ్లూ వెలుగుతో చిక్కుపడి ముద్దకట్టలేకపోయింది. వెలుగుతో పని లేని డార్క్ మ్యాటర్ ముందే గుంతలు తవ్వి పెట్టింది, తర్వాత గ్యాస్ వచ్చి వాటిలో పడింది. అది లేకుండా లక్షలో ఒక వంతు తేడా ఈపాటికి గెలాక్సీలయ్యేంత పెరగడానికి టైమ్ చాలదు.

మూడో ప్రశ్న, అక్కడ ఏమీ ఉండదా. మన భాషలో శూన్యం అనే మాట పెద్ద చిక్కు తెచ్చింది. సున్నా అనే అర్థం వెంటనే వచ్చేస్తుంది. నన్నడిగితే వీటిని బీళ్లు అనడం నయం. బీడులో పంట లేదంటాం కానీ నేల లేదనం. విశ్వం మొత్తం సరాసరి తీస్తే మామూలు పదార్థం నాలుగు ఘనపు మీటర్లకు ఒక హైడ్రోజన్ పరమాణువు చొప్పున ఉంది. వాయిడ్ నడుమ అందులో పదో వంతో, ఐదో వంతో ఉంటుంది. పది అడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న మీ గదిలోంచి గాలంతా తీసేసి ఒక్క పరమాణువును వదిలితే వాయిడ్ అలా ఉంటుంది. డార్క్ మ్యాటర్ కూడా ఉంటుంది, అదీ పలచగానే.

కానీ ఒక టీ చెంచా తీసుకుని ఆ వాయిడ్‌లో ముంచితే? ఐదు మిల్లీలీటర్ల చెంచాలో ఏ క్షణం చూసినా ఆ తొలి వెలుగు తాలూకు ఫోటాన్లు (వెలుగు రేణువులు) దాదాపు 2000 ఉంటాయి. విశ్వం తొలి సెకను నాటి న్యూట్రినోలు అనే అతి తేలిక కణాలు, సిద్ధాంతం ప్రకారం, మరో 1700 దాకా. మీరిప్పుడు టీ కలుపుతున్న చెంచాలోనూ ఆ న్యూట్రినోలు దాదాపు అన్నే ఉన్నాయి. ఈ విషయంలో వాయిడ్‌కీ మీ వంటింటికీ తేడా లేదు. ఇక ఆ ఫోటాన్ల వల్లే అక్కడి చలి కూడా సరిగ్గా సున్నా కాదు, కెల్విన్ లెక్కలో (అందులో సున్నా అంటే మైనస్ 273 సెల్సియస్) 2.7 డిగ్రీలు.

వాయిడ్లలో ఉన్న ఆ కొద్ది గెలాక్సీలంటే నాకు ప్రత్యేకమైన ఇష్టం. గుంపుల్లో ఉన్నవి ఒకదాన్నొకటి గుద్దుకుని, గ్యాస్ ఊడ్చుకుపోయి, ఎర్రటి ముసలి నక్షత్రాలతో మిగిలిపోతాయి. వాయిడ్ గెలాక్సీలు తక్కువ బరువు, ఎక్కువ గ్యాస్, నీలం రంగు. తీరిగ్గా నక్షత్రాలను పుట్టించుకుంటూ ఉంటాయి. స్పెయిన్ శాస్త్రవేత్తలు ముందుండి చేసిన పరిశీలన 2023లో నేచర్ పత్రికలో వచ్చింది, వాయిడ్లలోని గెలాక్సీలు సగటున నిదానంగా పెరుగుతాయని అందులో తేలింది. గుంపు గోల లేకపోతే గెలాక్సీ ఎలా బతుకుతుందో చూడాలంటే ఇవే దిక్కు. విశ్వ వ్యాకోచాన్ని వేగపరుస్తోందనే డార్క్ ఎనర్జీని చదివేవాళ్లకూ వాయిడ్లు బంగారం. పదార్థం పలచబడ్డ చోట దాని పెత్తనం ముందే మొదలవుతుంది మరి.

ఇంకో సంగతి మీ వీడియో చెప్పి ఉండదు. మనమూ ఒక వాయిడ్ గట్టు మీదే ఉన్నాం. దాని పేరు లోకల్ వాయిడ్. 1987లో బ్రెంట్ టల్లీ, రిచర్డ్ ఫిషర్ గుర్తించారు. అభిజిత్, శ్రవణ నక్షత్రాలు ఉన్న వైపు, మన వాకిలి ముందు నుంచే మొదలవుతుంది. వెడల్పు కనీసం 15 కోట్ల కాంతి సంవత్సరాలు. అటు పక్క కొంత భాగానికి పాలపుంత దుమ్ము అడ్డం ఉండటంతో ఇంత దగ్గరిదైనా చాలాకాలం సరిగా అంతుపట్టలేదు. టల్లీ బృందం 2008 లెక్క ప్రకారం మన గెలాక్సీ ఆ ఖాళీ నుంచి సెకనుకు 260 కిలోమీటర్ల వేగంతో దూరం జరుగుతోంది. హైదరాబాద్ నుంచి విజయవాడకు ఒక్క సెకను. ఖాళీ మనల్ని నెడుతోందని కొందరు రాస్తారు, మాట తేలిక కోసం. తాడు లాగే పోటీలో ఒక వైపు మనుషులు తక్కువైతే తాడు అవతలి వైపు పోతుంది కదా, అంతే.

మన దేశం ముచ్చట ఒకటి. 2017లో పుణెలోని ఐయూకా అనే ఖగోళ పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు, మరికొన్ని భారతీయ సంస్థల వాళ్లతో కలిసి, మీనరాశి వైపు సుమారు 400 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో ఒక మహా గుంపును కనిపెట్టారు. గెలాక్సీల గుంపులే 43 ఉన్నాయి అందులో, అడ్డం 60 కోట్ల కాంతి సంవత్సరాలు. దానికి సరస్వతి అని పేరు పెట్టారు. ఆ డేటా లక్షల గెలాక్సీల దూరాలు కొలిచిన స్లోన్ సర్వేది, ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. మీ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లలుంటే చెప్పండి, ల్యాప్‌టాప్‌లోనే 1986 నాటి పుచ్చకాయ ముక్కలాంటి బొమ్మ గీసుకోవచ్చు. ఇప్పుడు అరిజోనాలో నడుస్తున్న డెసీ అనే పరికరం ఒక్కసారికి 5000 ఫైబర్లతో 5000 వస్తువుల వెలుగు పట్టుకుంటోంది, ఆ డేటా కూడా విడతలవారీగా బయటికి వస్తోంది. అన్నట్టు, వెయ్యి కోట్ల కాంతి సంవత్సరాల గోడ ఒకటుందని కూడా వీడియోలు తిరుగుతున్నాయి. అది లెక్కపెట్టగలిగినన్ని గామా కిరణాల మెరుపుల ఆధారంగా చెప్పింది, నేనైతే నమ్మను. సర్వేల్లో వంద కోట్ల కాంతి సంవత్సరాల పైన చూస్తే మళ్లూ గట్లూ అన్నీ సగటున ఒకేలా కలిసిపోతున్నాయి.

చివరగా, బూటీస్ వాయిడ్ నడిమధ్యలో నిలబడితే ఎలా ఉంటుందో కూడా చెబుతాను. అక్కడ ఒక గెలాక్సీలో మన భూమి లాంటి చోటు ఉందనుకుంటే, రాత్రి ఆకాశం దాదాపు ఇలాగే ఉంటుంది. మామూలు కంటికి కనిపించే నక్షత్రాలన్నీ సొంత గెలాక్సీవే కదా. మనకు కంటికి కనిపించే ఆండ్రోమెడా మసక మచ్చ మాత్రం ఉండదు. 1920ల్లో హబుల్ అనే శాస్త్రవేత్త ఆ మచ్చలోని నక్షత్రాలను కొలిచే పాలపుంత బయట వేరే గెలాక్సీలున్నాయని తేల్చాడు. గ్రెగ్ ఆల్డరింగ్ అనే ఖగోళ శాస్త్రవేత్త అంచనా ప్రకారం, పాలపుంత గనక ఆ వాయిడ్ నడుమ ఉండి ఉంటే వేరే గెలాక్సీలు ఉన్నాయన్న సంగతి 1960ల దాకా మనకు తెలిసేది కాదు.

ఆ వీడియో పంపిన వాళ్లకు ఇదంతా చెప్పే ఓపిక లేకపోతే ఆ అమ్మాయి అడిగిన ఒక్క ప్రశ్న పంపండి: ఫోటోలో ముందు ఉండాల్సిన మన నక్షత్రాలు ఏవీ?